పెండ్లికార్డు ప్యాకింగ్

చెడిన మిషన్ ఒక్కటే తెస్తే మా మరిది చెన్నకేశవులు ముట్టేవాడు కాదు. "నడిపినోడు ఏడి?" అనేవాడు. ఎంత పెద్ద కాంట్రాక్టరు వచ్చినా అదే మాట. "వాడికి పనుంది, నువ్వు విప్పి చూడు మామా" అని బతిమాలితే, ఆ మిషన్ అక్కడ లేనట్టే దాన్ని దాటుకుని పోయి వేరే పని చూసుకునేవాడు.

గిద్దలూరులో రాచర్ల రోడ్డు మీద వాడి దుకాణం. దాని వెనక రెండు గదులు, ఒకటి వాడిది, ఒకటి నాది. నేను కాపురానికి వచ్చేసరికి వాడు ముక్కు కారే పిల్లవాడు. ఆ ముక్కు తుడిచింది నేనే కాబట్టి వాడిని వాడు అనే హక్కు నాకుంది. మా ఆయన పోయాక ఆ వెనక గదిలోనే ఉండిపోయాను. వాడికి వండిపెట్టాను, వాడి నోటి దురుసుకు నా నోటితోనే బదులు చెప్పాను. ఇద్దరూ సరిజోడని వీధంతా నవ్వుకునేది. నవ్వుకోనీ. మా గడపలోకి వచ్చి నవ్వే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

మా అత్తింటివాళ్ళు జీవాలు మేపుకునేవాళ్ళు. వీడు మాత్రం గొర్రెలను ఎవరి చేనులోకో వదిలేసి, బావి మీద ఆయిల్ ఇంజన్ పక్కన నిలబడి దాని చప్పుడు వినేవాడు. మా మామ మోకుతో కొట్టినా మానలేదు. చివరికి మార్కాపురంలో ఒక మెకానిక్ సాయిబు దగ్గర పనికి పెట్టారు. ఆ కాలంలో బావుల మీద ఇంజన్లు, తర్వాత కరెంటు మోటార్లు, ఆ తర్వాత బోర్లు. నీళ్ళు ఎంత లోతుకు పోతే వాడికి అంత పని దొరికింది. ఆఖరికి ఆ లోతులో కూడా నీళ్ళు లేకుండా పోయి, బత్తాయి తోటలు నిలువునా ఎండాయి. వాటిని కొట్టెయ్యడానికి చెట్లు కోసే మిషన్లు దిగాయి. ఏ తోటలకు నీళ్ళు ఎక్కించే ఇంజన్లు బాగుచేశాడో ఆ తోటలను కోసే మిషన్లు బాగుచేస్తూ ముసలివాడయ్యాడు. ఆ మాట నేను ఒకసారి వాడి మొహానే అన్నాను.

"నేనేం చేసేది వదినా! ఏది చెడితే అది తెస్తారు" అన్నాడు.

ఈ చెట్లు కోసే మిషన్‌కు పెట్రోల్లోనే కొంత ఆయిల్ కలిపి పొయ్యాలి. లోపల బోరు ఉంటుంది. మా వైపు బోరంటే ఎండిన గొట్టమే అందరికీ గుర్తొస్తుంది గానీ, ఇంజన్లో పిస్టన్ ఎక్కి దిగే గుండ్రటి సందును కూడా బోరనే అంటారు. అది తడిగా ఉన్నంతవరకే ఆట. తడి పోయినా, వేడి మీరినా పిస్టన్ ఉబ్బి బోరును కరుచుకుంటుంది. తాడు లాగితే రాదు. అప్పుడు "పట్టేసింది" అంటూ మోసుకొస్తారు.

ఆ పట్టేసిన పిస్టన్‌ను బయటికి తీసి, చెన్నకేశవులు దాని చుట్టూ బొటనవేలు తిప్పేవాడు. పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ నేను కూడా కొంత నేర్చుకున్నాను. చుట్టూతా గీతలు పడి, అడుగున పొడిగా ఉంటే ఆయిల్ కలపలేదని అర్థం. గాలి, పెట్రోలు కలిసి వచ్చే కార్బొరేటర్ వైపు మసకగా, ఇసుకతో రుద్దినట్టు ఉంటే దుమ్ము లోపలికి పోయింది. సైలెన్సర్ వైపు మాత్రమే గీచుకుని మిగతాది నున్నగా ఉంటే, గాలి ఎక్కువై వేడికి పోయింది. ఇవన్నీ చూసినా వాడు నోరు విప్పడు. నడిపినవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "చచ్చేముందు ఎట్ల అరిచింది?" అని అడుగుతాడు. ఇనుము ఎక్కడ గీచుకుందో చెప్తుంది గానీ ఎందుకు గీచుకుందో పట్టుకున్న చెయ్యే చెప్పాలని వాడి పట్టు.

వాడికి ఇంకో అలవాటు ఉండేది. దుకాణంలో ఒక తీగ కట్టి, దాని నిండా పెండ్లికార్డులు వేలాడదీసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా వాడికి కార్డు ఇచ్చేవాళ్ళు. వాడు ఒక్క పెండ్లికి కూడా పోయి ఎరగడు. పెండ్లి అయిపోయాక ఆ కార్డు దించి, కత్తిరించి ప్యాకింగులు చేసేవాడు. రెండు ఇనుప ముక్కలు కలిసే చోట గాలి దూరకుండా మధ్యలో పెట్టే అట్టముక్కను ప్యాకింగ్ అంటారు. పెండ్లికార్డు అట్టకు మించింది లేదనేవాడు. అయితే పెండ్లి జరగకముందు కార్డు మీద కత్తెర పెట్టడు. జరిగాక కూడా పేర్లున్న భాగం కొయ్యడు. పేర్లకు ఆయిల్ అంటకూడదని ఆ ముక్క వేరు చేసి కప్పు సందులో దోపేవాడు. "ఇంతకన్నా పోయి నాలుగు అక్షింతలు వెయ్యరాదా?" అంటే పలికేవాడు కాదు.

ఎందుకు పలకడో నాకు తెలుసు. వాడికి కూడా పెండ్లి అయింది. పిల్ల పేరు పద్మావతి. ఆమె కడుపుతో ఉన్నప్పుడే ఈ దుకాణం వేసుకున్నాడు. ముందర గుంజకు కావాలని, రోడ్డు పక్క వేపచెట్టు ఒకటి తన చేత్తోనే గొడ్డలితో కొట్టి తెచ్చాడు. ఆ నెలలోనే పద్మావతి కాన్పు కష్టమై పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. కడుపుతో ఉన్న ఆడదాని మొగుడు చెట్టు కొట్టకూడదని మనవాళ్ళ పట్టింపు. మా అత్త శవం ముందరే ఆ మాట అనేసింది. "నా కోడల్ని నువ్వే కొట్టినావు రా, ఆ చెట్టుతో పాటు" అన్నది. వాడు ఏడవలేదు. గుంజ మాత్రం తీసెయ్యలేదు. రోజూ దానికే ఆనుకుని కూర్చునేవాడు.

వయసు మీద పడ్డాక వాడి కండ్లకు పొరలు కమ్మాయి. ఆపరేషన్ చేయించుకోమని నేను చెప్పని రోజు లేదు. "నా వేళ్ళకు కండ్లున్నాయి వదినా" అనేవాడు. "అయితే అన్నంలో రాళ్ళు కూడా వేళ్ళతోనే చూసుకుని తిను" అని కంచం ముందర పెట్టేదాన్ని.

కిందటి ఎండాకాలంలో ఒకరోజు శ్రీరాములు పట్టేసిన మిషన్ తెచ్చి దుకాణం ముందర పడేశాడు. శ్రీరాములు రాచర్ల మండలంలో పొలం ఉన్న రైతు, ఎండిన తోటలు కొట్టే కాంట్రాక్టు కూడా చేస్తాడు. ఆ మిషన్ కొన్నాళ్ళ ముందే మా దుకాణంలో కార్బొరేటర్ పని చేయించుకుని పోయింది.

"కోటిగాడు ఆయిల్ కలపకుండా నడిపి చంపేసినాడు మామా. ఆ మాట నీ నోటితో చెప్పు చాలు."

"కోటి ఏడి?"

"వాడెందుకు? వాడు చేసేది అబద్ధాలు చెప్పడమే."

"అబద్ధమైనా వాడి నోటితోనే వినాల. రేపు తీసుకరా."

శ్రీరాములు రుసరుసలాడుతూ నా వైపు తిరిగాడు. "ఏంది రంగమ్మత్తా, ఇది దుకాణమా, కోర్టా?"

"కోర్టయితే నువ్వు ఇంత గొంతు చేస్తావా నాయనా? కుర్చీ ఉంది, కూర్చుంటే కూర్చో, పోతే పో" అన్నాను.

మరునాడు కోటిని వెంటబెట్టుకుని వచ్చాడు. కోటి కూడా జీవాలవాళ్ళ పిల్లవాడే. గొర్రెలు అన్నదమ్ముల పాలై, వాడికి మిగిలింది ఆ మిషన్ పట్టే చెయ్యి ఒక్కటే. ఆయిల్ కలపలేదని తేలితే దర్శి దాకా ఏ కాంట్రాక్టరూ వాడి చేతికి మిషన్ ఇవ్వకుండా చేస్తానని శ్రీరాములు ముందే చెప్పి పెట్టాడు. చెన్నకేశవులు మాట మీద అందరికీ నమ్మకం. వాడు అవునంటే కోటి బతుకు ముగిసినట్టే.

వాళ్ళ వెనకే ఆటోలో కోటి పెండ్లాం అరుణకుమారి దిగింది. నిండు కడుపు. మొహం పీక్కుపోయి ఉంది. "నువ్వెందుకొచ్చినావే ఈ ఎండలో?" అని కోటి కసిరాడు. ఆ పిల్ల నీడలోకి వచ్చి నిలబడింది. నేనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి మజ్జిగ ఇచ్చాను. గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"తాగు తల్లీ. నీకు వద్దంటే లోపలిదానికన్నా పొయ్యి."

అంతే, గ్లాసు కింద పెట్టి ఏడ్చింది. "అవ్వా, మిషన్ ఆయిల్ లేక పట్టెయ్యలేదు. ఆయన కలపడం నేను చూసినా. శ్రీరాములు మామ వాళ్ళమ్మ సుబ్బులమ్మ చెప్పింది. పెండ్లాం కడుపుతో ఉంటే చెట్లు కోసినాడు కాబట్టి మిషన్ పట్టేసిందంట. ఆ పాపం ముందు మిషన్‌ను పట్టిందంట, తర్వాత..." అని ఆగి, కడుపు మీద చెయ్యి వేసుకుంది. "కదిలితే ఒక భయం, కదలకపోతే ఒక భయం అవ్వా. ముద్ద దిగడం లేదు."

"సుబ్బులమ్మ నోరు పట్టెయ్యా! చెట్టు కొడితే కడుపు పోతే ఈ దేశంలో బిడ్డలే ఉండరు. దాని కొడుకులు పుట్టినప్పుడు పొయ్యిలో కట్టెలు ఎవరు తెచ్చి పెట్టినారంట?" అన్నాను.

గట్టిగానే అన్నాను. రెండు గదుల అవతల గుంజకు ఆనుకున్న మనిషికి అంతా వినిపించిందని, అక్కడ రెంచీ చప్పుడు ఆగిపోయినప్పుడు తెలిసింది.

నేను బయటికి వచ్చేసరికి బోరు విప్పి ఉంది. చెన్నకేశవులు పిస్టన్ చుట్టూ వేలు తిప్పాడు. ఒకసారి తిప్పి, మళ్ళీ తిప్పాడు. అడుగున వేలు పెట్టి, బయటికి తీసి రెండు వేళ్ళ మధ్య రుద్దుకున్నాడు.

"కోటీ, చచ్చేముందు ఎట్ల అరిచింది?"

"పైగొంతుతో అరిచింది తాతా. రేసు మీది చెయ్యి వదిలినా దిగలేదు. ఊరికే పెట్టినా గయ్యిమని పరిగెత్తుతానే ఉన్నింది. అంతకుముందు అట్ల లేదు."

"ఎప్పటినుంచి?"

"నీ దగ్గర కార్బొరేటర్ చేయించుకుని పోయిన కొన్నాళ్ళకే. శ్రీరాములు మామకు చెప్పినా. బలం వచ్చిందిలే, కొయ్యి అన్నాడు."

"అన్నాలే! అయితే ఏంది? ఆయిల్ సంగతి అడుగు మామా" అన్నాడు శ్రీరాములు.

చెన్నకేశవులు కార్బొరేటర్ విప్పి, దాని వెనకున్న ప్యాకింగ్‌ను గోటితో లేపాడు. కండ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు, వెలుగుకు పట్టాడు. తర్వాత లేచి, నేను నిలబడిన వాకిలి దగ్గరికి వచ్చాడు.

"వదినా, ఇది చూడు. నాకు సరిగ్గా ఆనడం లేదు."

వాడు అంత పెద్దయ్యాక నా కండ్లు అడగడం అదే మొదలు. ఎత్తిపొడవాలని నోటిదాకా వచ్చింది, మింగాను. ప్యాకింగ్ చేతిలోకి తీసుకుని చూశాను. పాత కార్డుల అట్ట ఎంత వేడి పడినా నల్లబడేది గానీ ఒళ్ళు విడిచేది కాదు. ఇది ఇప్పటి కార్డు. పైన మెరుపు కోసం సన్నటి ప్లాస్టిక్ పొర వేస్తున్నారు. ఆ పొర వేడికి కరిగి, కాగిన పాల మీద మీగడలాగా ముడతపడి ఒక పక్కకు జరిగింది. జరిగిన చోట గోరు దూరేంత సందు.

"పొర కరిగింది. ఇక్కడ సందు పడింది" అన్నాను నెమ్మదిగా.

"నాకు తగల్లేదు. కోసేటప్పుడు నున్నగా ఉంది, మంచి అట్ట అనుకున్నా" అన్నాడు. వాడి వేళ్ళకున్న కండ్లు ఆ పొరను చూడలేదు.

మేమిద్దరం తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆ ముక్కను ముడిచి బయట పారేస్తే అడిగేవాడు లేడు. శ్రీరాములు ఏ మాట వినడానికి వచ్చాడో అది అక్కడే సిద్ధంగా ఉంది. చెన్నకేశవులు పోయి గుంజ పక్కన నిలబడ్డాడు. చెయ్యి గుంజ మీద పెట్టాడు. అరుణకుమారి నా వెనక గడపలోకి వచ్చి నిలబడింది. ఆ పిల్లను చూశాడు, పిల్ల కడుపును చూశాడు.

"శ్రీరాములూ, ఇట్ల రా. దీని అడుగున వేలు పెట్టు. తడి తగిలిందా? ఆయిల్ కలపకపోతే ఆ తడి ఉండదు. గీతలు చూడు. సైలెన్సర్ పక్కనే ఉన్నాయి, తక్కింది నున్నగా ఉంది. కోటి కలిపినాడు. వాడి తప్పు ఇంత కూడా లేదు."

"మరెవరిది?"

"నాది. నేను పెట్టిన ప్యాకింగ్ కరిగింది. ఆ సందులోనుంచి గాలి దూరింది. గాలి ఎక్కువైతే పెట్రోలు పలచబడతాది, దాంతో వచ్చే ఆయిలూ పలచబడతాది. వేడెక్కి పట్టేసింది. అందుకే చెయ్యి వదిలినా దిగకుండా అరిచింది."

శ్రీరాములు నమ్మలేదు. "మనోడని పిల్లోన్ని వెనకేసుకొస్తాండావా మామా?"

"నా దుకాణంలో కూర్చుని నా చెయ్యి మీద నేనే అబద్ధం చెప్పుకుంటానా? నా కండ్లు కనపడటం లేదు, శ్రీరాములూ. వదిన మొత్తుకున్నా వినలేదు. నలుగురికీ ఇదే చెప్పు. ఇంకోటి చెప్పినావంటే, నేనే రాచర్లకొచ్చి నీ వాకిట్లో నిలబడి చెప్తా."

తర్వాత ఆ పిల్లను పిలిచాడు. "ఇట్ల రా తల్లీ. నువ్వు చూడాల్సింది ఇదే."

ఆమె వచ్చి వంగలేక వంగింది. వాడు ప్యాకింగ్‌ను అరచేతిలో పెట్టి, సందు మీద వేలు ఆనించి చూపించాడు. "మిషన్‌ను పట్టింది ఇది. చెట్టు కాదు, పాపం కాదు. గాలి. ఇంత అట్టముక్క, ఒక ముసలోడి గుడ్డికండ్లు. నీ కడుపుకు, చెట్టుకు లంకె లేదు. ఎవరన్నా ఉందంటే నా దగ్గరికి పంపు." ముక్కను ఆమె చేతిలో పెట్టాడు. "అప్పుడు నాకు ఎవరూ ఇట్ల విప్పి చూపించలేదమ్మా."

నేను గుంజ వైపు చూడలేక పక్కకు తిరిగాను.

అరుణకుమారి ఆ ముక్కనే చూస్తోంది. అంచున కొంచెం గులాబి రంగు, బంగారు గీత మిగిలి ఉన్నాయి. "ఇది మా పెండ్లికార్డు కదా?" అంది.

ఇప్పుడు ఇంకో అపశకునం పట్టుకుంటుందేమో అనుకున్నాను. ఆ పిల్ల గిరుక్కున మొగుడి వైపు తిరిగింది.

"చూసినావా? మెరుపు కార్డు వద్దు, మామూలుది చాలని అప్పుడే చెప్పినా. మీ చెల్లెలు విన్నదా? నలుగురిలో గొప్పగా ఉండాలంట గొప్పగా!"

కోటి బిక్కమొహం వేశాడు. శ్రీరాములు కూడా నవ్వు దాచుకోలేక మొహం తుడుచుకున్నాడు. చెన్నకేశవులు మాత్రం నవ్వలేదు, నెమ్మదిగా కూర్చున్నాడు. ఆ పూట అరుణకుమారి నా గదిలో రెండుసార్లు అడిగి అన్నం పెట్టించుకుంది.

బోరు, పిస్టన్ కొత్తవి తెప్పించి, మిషన్ తనే బాగుచేసి ఇచ్చాడు. ఆ ప్యాకింగ్ మాత్రం కంపెనీది వేశాడు, వేసేటప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. కోటి మళ్ళీ పనిలోకి పోయాడు. శ్రీరాములు కూడా మా మరిది చెప్పింది చెప్పినట్టే నలుగురికీ చెప్పాడు. చెప్పాక జరగాల్సింది జరిగింది. ముసలాయనకు కండ్లు పోయాయని మిషన్లన్నీ మార్కాపురం పోవడం మొదలైంది. అప్పుడు నా మాట విని ఆపరేషన్ చేయించుకున్నాడు. చూపు బాగా వచ్చింది. చూడటానికి మిషన్లు లేవు. తీగ మీద కార్డులన్నీ దించి, ఒక్కొక్కటీ గోటితో గీకి, పొర ఉన్నవాటిని పక్కన పడేశాడు. మిగిలినవి నాలుగో అయిదో. వాటిని మళ్ళీ వేలాడదీసి, గుంజకు ఆనుకుని రోడ్డు చూస్తూ కూర్చునేవాడు. బాధపడ్డాడా అంటే, పడ్డాడు. చేతికి పని లేని మనిషి ఎట్లా ఉంటాడో నేను రోజూ చూశాను. చెప్పినందుకు మాత్రం ఒక్కరోజు కూడా నొచ్చుకోలేదు.

కోటి ఒక్కడే మానకుండా వచ్చేవాడు. మిషన్ చెడకపోయినా తెచ్చి ముందర పెట్టి, "తాతా, దీని గొంతు ఒకసారి విను" అనేవాడు. వీడు తలవంచి వినేవాడు.

ఈ ఏడు చలికాలంలో చెన్నకేశవులు పోయాడు. గుంజకు ఆనుకునే పోయాడు. టీ గ్లాసు తెచ్చి పిలిస్తే పలకలేదు. మొదట, ఎప్పటిలాగే పలకడం ఇష్టం లేదనుకున్నాను.

పెద్దదినానికి కార్డులు వెయ్యాలంటే ప్రెస్సుకు నేనే పోయాను. అక్కడి మనిషి తళతళలాడే కాగితం తీసి చూపించాడు. "దీని మీద ఫోటో బాగా వస్తుంది పెద్దమ్మా. ఇప్పుడు అందరూ ఇదే వేయించుకుంటున్నారు."

"మెరుపు వద్దు. పొర వద్దు. మందపాటి వట్టి అట్ట మీద వెయ్యి."

"చావుకార్డును ఎవరూ ఇంట్లో ఉంచుకోరు పెద్దమ్మా. దానికి అంత మందం ఎందుకు?"

"చెప్పింది చెయ్యి" అన్నాను.

దినానికి కోటి, అరుణకుమారి వచ్చారు. చంకలో ఆడపిల్ల, వాళ్ళమ్మ ముక్కే వచ్చింది. పోయేటప్పుడు కోటి గడపలో నిలబడి, తలగోక్కుంటూ, "అవ్వా, ఇంకో కార్డు ఉంటే ఇస్తావా?" అన్నాడు.

ఎందుకని అడగలేదు. లోపలినుంచి ఒకటి తెచ్చి ఇచ్చాను. వేళ్ళ మధ్య అట్ట మందం చూశాడు, గోటితో పైన గీకి చూశాడు. పొర లేదు.

"పేరున్న కాడ కొయ్యాకు నాయనా" అన్నాను.